బండికి దమ్ము లేదంటే...
స్కూటర్ ఇంజన్ లోపాన్ని వరుసగా వెతికే పద్ధతి

ఈ ఏడాది సంచికకు విద్యార్థులకు, కుటుంబాలకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమని సొసైటీ పెద్దలు అడిగారు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పే మాస్టర్ని. నాలుగు స్ట్రోకుల ఇంజన్ బొమ్మను బోర్డు మీద ఎన్నోసార్లు గీశాను. కానీ పోయిన ఏడాది వరకు నా సొంత స్కూటర్‌లో ఎయిర్ ఫిల్టర్ ఎక్కడుందో విప్పి చూసినవాణ్ణి కాను. ఆ అజ్ఞానం వల్ల మా పక్కింటి భాయ్‌కి నష్టం జరిగింది. ఈ పాఠం అక్కడ మొదలైంది కాబట్టి ముందు అదే చెబుతాను.

ఆ భాయ్ అనంతపురం నుంచి కూడేరు, ఉరవకొండ, బెళుగుప్ప వైపు పల్లెలకు స్కూటర్ మీద దుప్పట్లు, నైటీలు వేసుకుని వెళ్లి వాయిదాల మీద అమ్ముతాడు. బండి కదిలితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఒకరోజు, "మాస్టర్ సాబ్, ఎయిర్ ఫిల్టర్ నిండా దుమ్ము. ఏం చేయమంటారు?" అని అడిగాడు. "పెట్రోలుతో కడిగి, ఎండలో ఆరబెట్టి పెట్టెయ్ భాయ్" అన్నాను. నా చిన్నప్పుడు షెడ్డులో చూసింది గుర్తుపెట్టుకుని చెప్పిన సలహా అది. అతను అలాగే చేశాడు.

రెండు నెలలకు బండి నీరసించింది. మూటలతో ఎత్తు ఎక్కడం లేదు. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చేది 32కు దిగింది. ఒక షెడ్డులో ప్లగ్ మార్చారు, కార్బురేటర్ కడిగారు. నాలుగు రోజులు కాస్త బాగుండి మళ్లీ అదే కథ. చివరికి "బోర్ పోయింది, ఆరు వేలు అవుతుంది" అన్నారు. భాభీ కమ్మలు కుదువ పెట్టడానికి బయలుదేరుతుంటే నాకు తెలిసింది. నేనూ, అతనూ కూర్చుని బండితో వచ్చిన చిన్న పుస్తకం తీసి మొదటిసారి చదివాం. అందులో స్పష్టంగా ఉంది: ఆ ఫిల్టర్ నూనె పట్టించిన కాగితంతో చేసింది, దాన్ని కడగకూడదు, ఊదకూడదు, మార్చాలి. విప్పి చూస్తే మడతలు ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని, ఎర్రమట్టితో గోడలా గట్టిపడి ఉన్నాయి. మూడు వందల చిల్లర పెట్టి కొత్త ఫిల్టర్ వేస్తే బండి మళ్లీ ఎత్తు ఎక్కింది. కమ్మలు ఇంట్లోనే ఉన్నాయి. పోయిన బేరాలు మాత్రం నా ఖాతాలోనే రాసుకున్నాను.

దమ్ము అంటే ఊపిరి

"బండికి దమ్ము లేదు" అని మనం మామూలుగా అంటుంటాం. మన ఇళ్లలో దమ్ అంటే ఊపిరి అని కూడా అందరికీ తెలుసు. ఇంజన్ విషయంలో ఈ రెండు అర్థాలూ ఒకటే. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 15 గ్రాముల గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. లెక్క వేస్తే ఆ లీటరుకు దాదాపు 11 కిలోల గాలి అవుతుంది. ఘనపరిమాణంలో చెప్పాలంటే సుమారు 9 వేల నుంచి 10 వేల లీటర్లు. వేసవిలో మన వీధికి వచ్చే 5 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్‌తో కొలిస్తే, లీటరు పెట్రోలుకు రెండు ట్యాంకర్ల గాలిని బండి పీలుస్తుందన్నమాట.

ఇప్పుడు ఆ గాలి ఎలాంటిదో చూడండి. మన జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నేలలు ఎక్కువగా గ్రానైటు రాయి చివికి ఏర్పడిన ఎర్ర నేలలు. జూన్ నుంచి వాన మేఘం రాకపోయినా గాలి మాత్రం తప్పకుండా వస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని నమ్ముకునే. బొమ్మనహాళ్, కణేకల్ మండలాల్లో హగరి ఒడ్డున ఇసుక దిబ్బలను పొలాల మీదకు తోసేదీ ఆ గాలే. ఈ దుమ్ములో ఉండే క్వార్ట్జ్ రేణువు ఇనుము కంటే గట్టిది. అది సిలిండర్ లోపలికి వెళితే గరుకు కాగితంలా గోడను గీస్తుంది. రింగులు అరుగుతాయి, ఆయిల్ పైకి వచ్చి మండుతుంది. అప్పుడు బోర్ నిజంగానే పోతుంది. అందుకే మన ప్రాంతంలో బండి ఆరోగ్యమంతా ఫిల్టర్ దగ్గర మొదలవుతుంది.

ముందు మూడు నియమాలు

మొదటిది: ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చున్న మరమ్మతు చివర.

రెండోది: ఒకసారికి ఒక్కటే మార్చాలి. ప్లగ్గు, ఫిల్టర్, పెట్రోలు మూడూ ఒకేరోజు మారిస్తే ఏది తప్పో ఎప్పటికీ తెలియదు. సైన్సు ప్రయోగంలో ఒక్క చరరాశినే మారుస్తాం కదా, ఇక్కడా అంతే.

మూడోది: చూసింది రాసుకోవాలి. తేదీ, మీటర్ రీడింగ్, పోసిన పెట్రోలు, మార్చిన వస్తువు రాయడానికి పది రూపాయల నోటుబుక్కు చాలు. మైలేజీ పడిపోతున్న సంగతి మన కంటే ముందు ఆ పుస్తకం చెబుతుంది.

ఇంజన్‌ను అనుమానించే ముందు

చాలాసార్లు ఇంజన్ బాగానే ఉంటుంది, బండి మాత్రం లాగదు. స్విచ్ ఆఫ్ చేసి, సెంటర్ స్టాండ్ వేసి, వెనుక చక్రాన్ని చేత్తో తిప్పండి. రాసుకుంటూ, బిగుతుగా తిరిగితే బ్రేకు పట్టేస్తోంది. కొంత దూరం వెళ్లొచ్చాక బ్రేకు డ్రమ్ము దగ్గర వేడి ఎక్కువగా ఉన్నా అదే గుర్తు. రెండు టైర్లలో గాలి పుస్తకంలో రాసినంత ఉందో లేదో చూడండి. వెనుక మూటలు వేసుకునేవారికి ఇది మరీ ముఖ్యం.

తర్వాత చెవి పెట్టండి. రేస్ ఇస్తే ఇంజన్ శబ్దం బాగా పెరుగుతోంది, బండి వేగం మాత్రం దానికి తగ్గట్టు పెరగడం లేదు. అప్పుడు శక్తి పుడుతోంది కానీ చక్రానికి చేరడం లేదు. గేర్లు మార్చే పని లేని స్కూటర్లలో ఎడమవైపు పెట్టెలో రబ్బరు బెల్టు, రోలర్లు, క్లచ్ ఉంటాయి. బెల్టు అరిగినా, క్లచ్ జారినా ఇలా అవుతుంది. చాలా స్కూటర్లకు బెల్టు 20 వేల కిలోమీటర్లు దాటాక పరీక్ష కోరుతుంది. దుమ్ము రోడ్ల మీద ఇంకా ముందే చూపించాలి. ఈ పెట్టె విప్పడం షెడ్డు పని, ఇంట్లో వద్దు.

చక్రం తేలిగ్గా తిరుగుతోంది, బెల్టు జారడం లేదు, అయినా దమ్ము లేదంటే అప్పుడు ఇంజన్ వైపు రావాలి. ఇంజన్‌కు నాలుగే కావాలి: గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, ఒత్తిడి. ఈ వరుసలోనే వెతుకుదాం.

1. గాలి

ఫిల్టర్ మూసుకుంటే గాలి తగ్గి, కార్బురేటర్ బండిలో ఆ లెక్కకు పెట్రోలు ఎక్కువవుతుంది. పొగ నల్లగా వస్తుంది, ప్లగ్ పొడి మసితో నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది, ఎత్తులో గుంజదు. మా భాయ్ బండిలో జరిగింది సరిగ్గా ఇదే. ప్లగ్ నల్లబడిందని ప్లగ్ మార్చారు కానీ, అది ఎందుకు నల్లబడిందని ఎవరూ అడగలేదు. జ్వరం వస్తే థర్మామీటర్ మార్చినట్టయింది.

ఫిల్టర్లు మూడు రకాలు. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బునీళ్లతో కడిగి, మెల్లగా పిండి, నీడన ఆరబెట్టి, పుస్తకంలో చెప్పిన నూనె పట్టించి మళ్లీ వాడవచ్చు. పొడి కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు. మెల్లగా తట్టి, లోపలి వైపు నుంచి బయటికి తక్కువ గాలితో ఊదవచ్చు. నూనె పట్టించిన కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, ఊదకూడదు, మార్చాల్సిందే. మీది ఏ రకమో పుస్తకంలో ఉంటుంది. కంపెనీ పుస్తకంలో రాసిన దూరం మామూలు రోడ్లకు. దుమ్ము ఎక్కువైతే ముందే మార్చమని అదే పుస్తకం చెబుతుంది. పల్లె దారులు తిరిగేవారు ఆ దూరంలో సగానికే విప్పి చూసుకోవడం మంచిదని నా సలహా.

కొందరు కుర్రాళ్లు పికప్ కోసం ఫిల్టర్ తీసేసి నడుపుతారు. రెండు ట్యాంకర్ల దుమ్ముగాలి లెక్కను వాళ్లకు చెప్పండి.

2. పెట్రోలు

బండి నాలుగైదు కిలోమీటర్లు బాగా నడిచి ఆగిపోతుంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ నడుస్తుంది. ఇలాంటప్పుడు ట్యాంకు మూత తీసి చూడండి. "స్‌స్" అని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, వెంటనే బండి స్టార్ట్ అయితే, మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుంది. శుభ్రం చేస్తే చాలు.

స్టార్ట్ అవుతుంది కానీ నిలకడగా తిరగదు, యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతుంది అంటే కార్బురేటర్‌లో చిన్న జెట్టుకు మట్టి అడ్డుపడి ఉండవచ్చు. నెమ్మదిగా వెళితే బాగుండి, వేగం పెంచితే ఊపిరి ఆడనట్టు ఎగిరెగిరి పడితే పెద్ద జెట్టు దగ్గరో, పెట్రోలు వచ్చే దారిలోనో అడ్డు ఉండవచ్చు. పల్లెల్లో సీసాల్లో అమ్మే పెట్రోలుతో మట్టి, నీళ్లు కలిసి వచ్చే ప్రమాదం ఎక్కువ.

బంకులో పోయించుకునేటప్పుడు అనుమానం వస్తే ఫిల్టర్ పేపర్ పరీక్ష అడిగే హక్కు మనకుంది. కాగితం మీద ఒక చుక్క వేస్తే అది మరక లేకుండా ఆరిపోవాలి. కొలత మీద అనుమానముంటే 5 లీటర్ల కొలపాత్రతో చూపించమనవచ్చు. మర్యాదగా అడగండి, సిగ్గుపడకండి.

ఇంకో సంగతి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తికి సుమారు మూడింట రెండు వంతులే. కాబట్టి మైలేజీ కొద్దిగా తగ్గితే అది బండి లోపం కాకపోవచ్చు. 45 కాస్తా 32 అయితే మాత్రం తప్పకుండా లోపమే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. అందువల్ల నెలల తరబడి నిలిపిన బండిలో పాత పెట్రోలుతో ఇబ్బంది రావచ్చు.

3. నిప్పురవ్వ

ఇంజన్ చల్లారాక ప్లగ్ విప్పి దాని ముక్కు చూడండి. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి నలుపు అంటే పెట్రోలు ఎక్కువ లేదా గాలి తక్కువ. జిడ్డు నలుపు అంటే ఆయిల్ మండుతోంది. తెల్లగా మాడి ఉంటే పెట్రోలు తక్కువై వేడెక్కుతోంది. తడిగా ఉండి పెట్రోలు వాసన కొడితే పెట్రోలు వస్తోంది, మండడం లేదు. ఎన్నోసార్లు కిక్ కొట్టడం వల్ల ఎక్కువైపోయి ఉండవచ్చు. అప్పుడు ప్లగ్ ఆరబెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కిక్ కొడితే చాలాసార్లు అందుకుంటుంది.

కార్బురేటర్ బండిలో రవ్వ పరీక్ష ఇది: ప్లగ్‌ను దాని క్యాపులో పెట్టి, లోహపు భాగాన్ని ఇంజన్ లోహానికి తాకించి, రబ్బరు పిడి ఉన్న పట్టకారుతో పట్టుకుని కిక్ కొట్టండి. నీలిరంగు రవ్వ గట్టిగా కనిపించాలి. ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకోండి, అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. పెట్రోలు ఒలికిన చోట ఈ పరీక్ష అసలు చేయవద్దు. ప్లగ్‌ను తిరిగి పెట్టేటప్పుడు ముందు వేళ్లతో చుట్లు ఎక్కించి, చివర్లోనే స్పానర్ వాడండి. అల్యూమినియం మరలు చెడితే పెద్ద ఖర్చు.

4. ఒత్తిడి

పొగ నీలంగా ఉందా? ఆయిల్ మాటిమాటికీ తగ్గుతోందా? కిక్ రాడ్ అడ్డు లేకుండా తేలిగ్గా దిగిపోతోందా? ఈ మూడూ కలిసి ఉంటే బోర్, రింగుల మీద అనుమానం న్యాయమైనది. ఒక్కటీ లేకుండా "బోర్ పోయింది" అంటే, మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి: "కంప్రెషన్ చూశారా అన్నా? వాల్వ్ గ్యాప్ చూశారా?" వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా ఒత్తిడి తగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి బోర్ పని అక్కరలేదు. పని చేయించాక పాత సామాను చూపించమని అడగండి. ఉదయం చలిలో కాసేపు వచ్చే తెల్లపొగ నీటి ఆవిరి, దానికి భయం లేదు.

స్కూటర్ ఇంజన్ చాలావరకు ఫ్యాను గాలితో చల్లబడుతుంది. ఫ్యాను జాలీకి బట్టపోగులు, వేరుశనగ పొట్టు, మట్టి పట్టకుండా చూడండి. మే నెల ఎండలో అది మూసుకుంటే ఇంజన్ వేడెక్కి దమ్ము తగ్గుతుంది.

తాతల చిట్కాలు, కొత్త బండ్లు

1972లో వచ్చిన బజాజ్ చేతక్, హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ తిరిగిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. చేతక్‌ను పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి కిక్ కొట్టడం ప్రతి వీధిలో కనిపించేది. అవి రెండు స్ట్రోకుల ఇంజన్లు. పెట్రోలులోనే ఆయిల్ కలిసి మండేది కాబట్టి ప్లగ్ తరచూ మసిపట్టేది. గరుకు కాగితంతో రుద్దితే బండి నడిచేది. ఆ అలవాటు వల్ల ఈనాటికీ మన చేయి ముందు ప్లగ్ మీదకే వెళుతుంది. 2001లో యాక్టివా వచ్చాక నాలుగు స్ట్రోకుల స్కూటర్లు పెరిగాయి. ప్లగ్ బాధ తగ్గింది, ఫిల్టర్ విలువ మాత్రం అలాగే ఉంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాయి. కొత్త స్కూటర్లలో కార్బురేటర్ స్థానంలో ఇంజెక్షన్ ఉంది. వీటిలో పెట్రోలును పంపు తోస్తుంది, లెక్కను చిన్న కంప్యూటరు చూస్తుంది. బ్యాటరీ బలహీనమైతే పెట్రోలు కూడా సరిగా అందదు. కాబట్టి మొదటి పరీక్ష బ్యాటరీ. మీటరులో ఇంజన్ గుర్తు దీపం వెలిగి ఆరకపోయినా, మినుకుమినుకుమన్నా ఆ లెక్క రాసుకుని షెడ్డులో చెప్పండి. ఇంట్లో రవ్వ పరీక్ష చేయవద్దు, వైర్లు పీకవద్దు. పంపు పెట్రోలులో మునిగి చల్లబడుతుంది కాబట్టి ట్యాంకు అడుగంటే దాకా నడపవద్దు.

జాగ్రత్తలు

మూసిన గదిలో ఇంజన్ నడపవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. పెట్రోలు దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. వేడి సైలెన్సర్ దగ్గరికి పిల్లలను రానివ్వవద్దు. సెంటర్ స్టాండ్ మీద రేస్ ఇచ్చేటప్పుడు చీర, చున్నీ, చేతులు చక్రానికి దూరంగా ఉండాలి.

చివరగా

మెకానిక్ షెడ్డులో పనిచేసే పిల్లల్లో మా బడిలో పదో తరగతి దాకా చదివినవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతిలో నాకు లేని నైపుణ్యం ఉంది. వాళ్లకు నేను సరిగా ఇవ్వలేకపోయింది "ఎందుకు?" అనే ఒక్క ప్రశ్న. ప్లగ్ నల్లబడింది, ఎందుకు? మైలేజీ తగ్గింది, ఎందుకు? ఆ ప్రశ్న అడిగే మెకానిక్‌కు అడిగినంత కూలి ఇవ్వండి, బేరమాడకండి. మీ వంద రూపాయలు మిగిలించబోయి ఆరు వేలు పోగొట్టుకోవద్దు.

ఈ ఆదివారం ప్రతి ఇంటికీ ఒక హోంవర్క్. బండి పుస్తకం వెతికి తీయండి. ఫిల్టర్ ఏ రకమో చదవండి. ఇంట్లో పదో తరగతి పిల్లవాడో, అమ్మాయో ఉంటే వాళ్ల చేతికే స్క్రూడ్రైవర్ ఇవ్వండి. విప్పి చూసి, తేదీ, మీటర్ రీడింగ్ రాసుకోండి. మా పక్కింటి భాయ్ ఇప్పుడు ఆ నోటుబుక్కును వాయిదాల లెక్క పుస్తకంతో కలిపి డిక్కీలో పెట్టుకుంటున్నాడు. మొదటి పేజీలో మొదటి వరుస తనే రాసుకున్నాడు: "ఫిల్టర్ కడగరాదు. మాస్టర్ సాబ్ చెప్పినా సరే."